బంగాళాఖాతం వేడిగానే ఉంది, మరి వాన ఎందుకు ఆగుతుంది?

పత్తిచేను | వరంగల్ జిల్లా

అందరికీ నమస్తే. 2023 వానాకాలం మీద నాకున్న డౌట్ ఇంకా తీరలేదు. ఆ ఏడు జులై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. మా దిక్కు చెరువులన్నీ మత్తడి దూకాయి. చేనులో నీళ్లు తీయడానికి కాలువలు తవ్వుకున్నాం. ఆ తర్వాత ఆగస్టు మొత్తం బెట్ట. దేశమంతా చూసినా ఆ నెల వాన మామూలు కంటే 36 శాతం తక్కువ, 1901 నుంచి లెక్క తీస్తే అంత పొడి ఆగస్టు లేదన్నారు. పత్తికి గూడ, పూత కళ్లముందే రాలిపోయింది.

టీవీలో ఎల్ నినో అన్నారు. సరే. కానీ అదే టీవీలో బంగాళాఖాతం వేడిగా ఉందని ఎర్రరంగు మ్యాపు కూడా చూపించారు. సముద్రం వేడిగా ఉంటే ఆవిరి లేవాలి, ఆవిరి లేస్తే మబ్బు పట్టాలి. మరి నెలరోజులు ఎందుకు పట్టలేదు? చదువుకున్నవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి. లింకులు పెట్టి వదిలేయకండి, నా ఇంగ్లిష్ అంతంతమాత్రం.

మబ్బులవేట | హైదరాబాద్

అన్నా, వేడి సముద్రం అంటే వాన అన్నది సగం మాటే. 1984లో వాతావరణ శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ బృందం ఉపగ్రహాలు చూసిన మబ్బుల లెక్కని, సముద్రపు వేడిని పక్కపక్కన పెట్టి చూసింది. పైనీరు 28 డిగ్రీలు దాటిన చోట పెద్ద మబ్బులు పట్టే అవకాశం ఒక్కసారిగా పెరిగింది. అయితే దాటినంత మాత్రాన పట్టి తీరాలని లేదు. అదే 29 డిగ్రీల దగ్గర ఒకరోజు కుండపోత, ఇంకోరోజు మబ్బుతునక ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం 30 కూడా దాటుతుంది, నైరుతి వాన మాత్రం జూన్ దాకా రాదు.

వానాకాలంలో బంగాళాఖాతం 28 కిందికి దిగేదే తక్కువ. అందుకని ఆగస్టులో "సముద్రం వేడిగా ఉంది" అంటే అది వార్తే కాదు. ఎర్ర మ్యాపు పెట్టి "భారీ వర్షాలు!" అని థంబ్‌నెయిల్ వేసే యూట్యూబ్ ఛానెళ్లని నమ్మొద్దు.

ఉప్పుగాలి | విశాఖపట్నం

పత్తిచేను గారూ, మీ ప్రశ్నలో సముద్రం ఇస్తుంది, గాలి పుచ్చుకుంటుంది అన్నట్టుగా ఉంది. అసలు సంగతి ఏమిటంటే గాలి కూడా సముద్రాన్ని మారుస్తుంది. నేను యూనివర్సిటీలో ఈ సబ్జెక్టే చదివాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సముద్రపు పైపొరకి వేడి వచ్చే దారి దాదాపు ఒక్కటే, ఎండ. మన వైపు సముద్రాల్లో పగలూ రాత్రీ కలిపి సగటు తీస్తే చదరపు మీటరుకి 200 వాట్లకు కాస్త పైన. పోయే దారులు మూడు. పెద్దది ఆవిరి, సుమారు 100 నుంచి 120 వాట్లు. సముద్రం పైకి ప్రసరించే వేడి నికరంగా 40, 50 వాట్లు. గాలిని నేరుగా తాకి వెచ్చబెట్టేది 5, 10 వాట్లు, అది చిల్లర కింద లెక్క. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో సముద్రమూ ముఖ్యంగా అందుకే చల్లబడుతుంది: ఆవిరయ్యే నీరు తన వెంట వేడిని పట్టుకుపోతుంది. ఆ వేడి ఎక్కడికీ పోదు. ఆవిరి పైకెళ్లి మబ్బుగా మారినప్పుడు అక్కడ గాలికి తిరిగొస్తుంది. ఉరుముల మబ్బు పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి ఎదిగేది ఆ బలంతోనే.

ఆవిరి ఎంత లేస్తుందన్నది నీటి వేడి ఒక్కటే తేల్చదు. గాలి వేగం రెట్టింపైతే ఆవిరి కూడా దాదాపు రెట్టింపు. నీటిని ఆనుకుని ఉన్న గాలి ఎంత పొడిగా ఉందన్నది ఇంకోటి. 30 డిగ్రీల నీళ్ల మీద గాలి కదలకపోతే అక్కడి గాలి తేమతో నిండి కూర్చుంటుంది, ఆవిరి లేవడం తగ్గిపోతుంది. 28 డిగ్రీల నీళ్ల మీద ఈదురుగాలి కొడితే దానికంటే ఎక్కువ లేస్తుంది.

ఇప్పుడు మీ జులై, ఆగస్టు సంగతి. వానలు జోరుగా ఉన్న రోజుల్లో బంగాళాఖాతం మీద ఏం జరుగుతుంది? మబ్బు కమ్మి ఎండ సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. గాలి బలంగా వీచి ఆవిరి పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగింది, పైనీరు చల్లబడుతుంది. మబ్బులు ఉత్తరానికి, హిమాలయాల అంచుకి జరిగిపోయాక ఇక్కడ ఆకాశం తెరిపిస్తుంది, గాలి తగ్గుతుంది. ఎండ పూర్తిగా సముద్రంలోకి దిగుతుంది, ఆవిరి ఖర్చు తక్కువ. నీరు మళ్లీ వేడెక్కుతుంది. అంటే మీ చేను ఎండుతున్న రోజుల్లోనే బంగాళాఖాతం వేడెక్కుతోంది. ఎర్ర మ్యాపు అప్పుడే బాగా ఎర్రగా కనపడుతుంది. మీరు అడిగిన విడ్డూరానికి జవాబు చాలావరకు ఇదే. ఆ ఎరుపు బెట్ట వల్ల వచ్చింది, వాన వస్తుందన్న హామీ కాదు.

దీన్ని బోయాలు (సముద్రంలో తేలుతూ గాలినీ నీటినీ కొలిచే పరికరాలు) కొలిచి చూపించాయి కూడా. 1998 వానాకాలంలో బంగాళాఖాతంలో లంగరేసి ఉంచిన బోయాల లెక్కలతో దేబాశిస్ సేన్‌గుప్తా, ఎం. రవిచంద్రన్ 2001లో ఒక పేపరు వేశారు. పైనీటి వేడి ఒకటి రెండు డిగ్రీల మేర కొన్ని వారాలకోసారి ఎక్కి దిగుతోంది, దాన్ని నడిపించేది ముఖ్యంగా పైనుంచి వచ్చే పోయే వేడేనని తేల్చారు.

లెక్కలమాస్టారు | నెల్లూరు

వాట్లు, డిగ్రీలు అని చదివి వదిలేయడం నాకు చేతకాదు. ఒకసారి వేసి చూద్దాం.

నికరంగా చదరపు మీటరుకి 100 వాట్లు లోపలికి వస్తున్నాయనుకుందాం. రోజుకి 86,400 సెకన్లు, అంటే 86.4 లక్షల జౌళ్లు. ఒక కిలో సముద్రపు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4,000 జౌళ్లు కావాలి. ఆ వేడంతా పై 10 మీటర్ల నీటికే సరిపెడితే రోజుకి 0.2 డిగ్రీ పెరుగుతుంది. పది రోజుల బెట్టకి 2 డిగ్రీలు. అదే వేడిని 50 మీటర్ల లోతుకి పంచితే రోజుకి 0.04, పది రోజులకి అర డిగ్రీ కూడా రాదు.

అంటే వాట్లు ఎన్ని అన్నదానికంటే ఎంత మందం నీటికి పంచారన్నదే తేడా తెస్తోంది. మరి బంగాళాఖాతంలో ఈ పొర మందం ఎంత? ఎందుకంత?

ఉప్పుగాలి | విశాఖపట్నం

మాస్టారూ, అసలు చోటు పట్టుకున్నారు. (చిన్న సవరింపు: ఎండలో కొంత భాగం 10 మీటర్ల కిందికి కూడా దిగిపోతుంది కాబట్టి 2 డిగ్రీలు రాదు, దానికి కాస్త తక్కువ వస్తుంది. నీరు ఎంత మురికిగా, ఎంత నాచుగా ఉందన్నదాన్ని బట్టి.)

ఉత్తర బంగాళాఖాతంలో ఈ పొర చాలాచోట్ల 10 నుంచి 30 మీటర్లే. వర్షాకాలం చివర్లో 10 మీటర్లకు కూడా తక్కువ ఉండే చోట్లున్నాయి. కారణం మంచినీళ్లు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే పడతాయి. పైగా దానిమీద పడే వాన. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. అరేబియా సముద్రంలో కిలో నీటికి ఉప్పు 36 గ్రాముల దాకా ఉంటే, ఉత్తర బంగాళాఖాతంలో పైన 30 గ్రాముల కిందికి పడిపోతుంది. ఈ తేలికనీటిని కిందికి కలపాలంటే గాలి చాలా కష్టపడాలి. అందుకే పైన వచ్చిన వేడి పైనే ఉండిపోతుంది, పోయిన వేడీ పైపొర నుంచే పోతుంది. చల్లబడడమూ తొందరగానే, కోలుకోవడమూ తొందరగానే.

1999 జులై, ఆగస్టుల్లో సాగర్ కన్య, సాగర్‌ధ్వని అనే రెండు ఓడలు బంగాళాఖాతంలో నిలబడి కొలిచాయి, బాబ్‌మెక్స్ అని దానికి పేరు. వాన తర్వాత పైనీరు ఎంత తొందరగా తేరుకుంటుందో అందులో బాగా కనపడింది.

అరేబియా సముద్రం కథ వేరు. జూన్ నుంచి సోమాలియా పక్క నుంచి వచ్చే గాలి కిలోమీటరున్నర ఎత్తులో సెకనుకి 15 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. అది విపరీతంగా ఆవిరి లేపుతుంది, కింద చల్లనీటిని పైకి తెస్తుంది, పైపొరని బాగా లోతుకి కలిపేస్తుంది. మేలో 30 దగ్గర ఉన్న సముద్రం జులైకల్లా చాలాభాగం 28 కిందికి దిగిపోతుంది. అందుకే వానాకాలంలో అల్పపీడనాలు వరసగా పుట్టేది మన వైపే, అటు కాదు.

వలతాడు | ఉప్పాడ

మీరు చెప్పే మంచినీటి పొర మాకు కళ్లకి కనిపిస్తుందండి. గోదారికి ఎర్రనీరు దిగాక బోటు బయటికి వెళ్తే ఒకచోట సముద్రం మీద గీత గీసినట్టు ఉంటుంది. ఇవతల బురదరంగు, అవతల పచ్చ. ఆ గీత పొడుగునా నురుగు, పుల్లలు, గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన చెత్త. ఇటు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పదనం అంతగా ఉండదు. ఆ గీత దగ్గరే చేప ఉంటుంది, మేం అక్కడే వల వేస్తాం. పులస గోదాట్లోకి ఎగబాకేదీ ఆ నీరు చూసే.

ఇంకో మాట. లోపల పెద్ద బోయాలు ఉంటాయి కదా, పసుపురంగువి. వాటి కింద చేప బాగా చేరుతుంది, నీడ కోసమో నాచు కోసమో. కొంతమంది బోటు తీసుకెళ్లి దానికే తాడు కట్టేసి వేట చేస్తారు, పైనున్న పరికరాలు విరుగుతాయి. మా ఊళ్లో మీటింగ్ పెట్టి వద్దని చెప్పారు. తుపాను కబురు వాటి నుంచే వస్తుందని తెలిసినాక మావాళ్లు కొంత తగ్గారు.

మబ్బులవేట | హైదరాబాద్

వలతాడు అన్నా, ఈ బోయా ముక్క చాలా ముఖ్యం. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు ఆ బోయాలు నడుపుతారు. హైదరాబాద్‌లో మా ప్రగతినగర్ పక్కనున్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఆ లెక్కలు వాడుతుంది. ఉపగ్రహం చూసేది నీటి చర్మాన్ని మాత్రమే, మిల్లీమీటరు కూడా ఉండదు. గాలి లేని మధ్యాహ్నం ఆ చర్మం కింద నీటికంటే రెండు మూడు డిగ్రీలు వేడెక్కి, రాత్రికి మళ్లీ దిగిపోతుంది. మబ్బు కమ్మితే కొన్నిరకాల ఉపగ్రహాలకి అసలు కింద కనపడదు. వానల జోరులో సముద్రం ఎంత వేడి ఇస్తోంది అనేది తెలియాలంటే అక్కడే నిలబడి గాలి వేగం, తేమ, ఎండ, నీటి వేడి అన్నీ గంటగంటకీ కొలిచే బోయానే దిక్కు. ఒక బోయా పోతే ఆ సీజన్‌కి ఆ చోటు చీకటే.

పత్తిచేను | వరంగల్ జిల్లా

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థ్యాంక్స్. అయితే నాకు అర్థమైంది సరిగ్గా ఉందో లేదో చూడండి. బెట్ట ఉన్నప్పుడు సముద్రం వేడెక్కుతుంది, పది పదిహేను రోజులకి వేడి నిండాక వాన తిరిగొస్తుంది, వాన పడ్డాక చల్లబడుతుంది, మళ్లీ బెట్ట. అట్లయితే సముద్రం చల్లబడిన రోజు చూసుకుని బెట్ట ఎప్పుడొస్తుందో నేనే చెప్పుకోవచ్చు కదా? మందు కొట్టేది, యూరియా వేసేది దాన్నిబట్టి పెట్టుకుంటాను.

నమూనా | పుణె

ఇక్కడ బ్రేక్ వేస్తాను. నేను వాతావరణ మోడళ్ల మీద, అంటే కంప్యూటర్లో వాతావరణాన్ని లెక్కగట్టి నడిపించే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇప్పటిదాకా చెప్పిన వేడి లెక్కలతో పేచీ లేదు. కానీ సముద్రమే ఈ చక్రాన్ని తిప్పుతోందంటే ఒప్పుకోను.

వానాకాలంలో మబ్బుల పట్టీ భూమధ్యరేఖ దగ్గర పుట్టి ఉత్తరానికి రోజుకి సుమారు ఒక డిగ్రీ అక్షాంశం చొప్పున జరుగుతుందని 1980లో సిక్కా, గాడ్గిల్ చూపించారు. 30 నుంచి 60 రోజులకోసారి అలా వస్తుంది. సముద్రపు వేడిని మార్చకుండా కట్టేసి నడిపిన మోడళ్లలో కూడా ఈ పట్టీ ఎంతో కొంత ఉత్తరానికి కదులుతుంది. వానాకాలంలో కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. ఈ తేడా వల్ల మబ్బుకి ఉత్తరం పక్కన సుడి ఏర్పడి, తేమ అక్కడ పోగవుతుంది, మబ్బు అటు జరుగుతుంది. ఇందులో సముద్రపు వేడి ఊసే లేదు.

ఇది కాక 10 నుంచి 20 రోజులకోసారి తూర్పు నుంచి పడమటికి వచ్చే మరో అల ఉంది, 1976లో కృష్ణమూర్తి, భాల్మే రాశారు. రెండూ కలిసినప్పుడు ఒకలా, విడిపోయినప్పుడు ఒకలా ఉంటుంది. సముద్రపు వేడి ఒక్కటే పట్టుకుని యూరియా వేస్తే పత్తిచేను అన్న నష్టపోతాడు.

ఉప్పుగాలి | విశాఖపట్నం

నమూనా, "ఎంతో కొంత కదులుతుంది" అన్నావు చూడు, అక్కడే ఉంది మన తగాదా. సముద్రాన్ని కట్టేసిన మోడల్లో కదులుతుంది, ఒప్పుకుంటాను. కానీ బలం ఎంత? లయ ఎలా ఉంది? సముద్రాన్నీ గాలినీ కలిపి నడిపితే ఉత్తరానికి జరిగే పట్టీ మరింత బలంగా, నిజానికి దగ్గరగా వస్తుందని చాలా మోడళ్లలో తేలింది. మబ్బుల పట్టీకి ముందువైపు ఆకాశం తెరిపిగా ఉండి నీరు వేడెక్కి ఉంటుంది, వెనక నీరు చల్లబడి ఉంటుంది. పైనీటి వేడి గరిష్ఠంగా ఉన్న రోజుకి, వాన గరిష్ఠంగా ఉన్న రోజుకి మధ్య సుమారు పది రోజుల తేడా. ముందు వేడెక్కి ఉన్న నీరు దాని పైనున్న గాలిని వెచ్చబరిచి తేమ నింపి పెడుతుంది. పట్టీకి అది దారి వేసినట్టే.

1971లో మాడెన్, జూలియన్ కనిపెట్టిన 40, 50 రోజుల ఊగిసలాట కూడా ఇంతే. హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ వైపు సెకనుకి 5 మీటర్ల చొప్పున తూర్పుకి నడిచే మబ్బుల గుంపు. పడమటి పసిఫిక్‌లో 1992, 93ల్లో టోగా కోరే, మన హిందూ మహాసముద్రం మధ్యలో 2011, 12ల్లో డైనమో అని పెద్ద యాత్రలు చేసి కొలిచింది ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే.

నమూనా | పుణె

పది రోజుల ముందు వేడెక్కడం నిజమే అక్కా. కానీ ముందు వచ్చినదల్లా కారణం కాదు. అదే తెరిపి ఆకాశం నీటిని వేడెక్కించింది, ఆ తెరిపి మబ్బు చక్రంలో భాగమే. 2005లో బిన్ వాంగ్ బృందం చూపించింది ఇదే: వానాకాలంలో రుతుపవన సముద్రాల మీద వాన ఎక్కువున్న చోట పైనీరు మామూలు కంటే చల్లగా ఉంటోంది. అంటే అక్కడ పగ్గాలు గాలి చేతిలో ఉన్నాయి, సముద్రం దాని వెనక పోతోంది. సముద్రపు వేడిని ముందే ఇచ్చేసి గాలిని మాత్రం నడిపే మోడళ్లు "నీరు వేడి, కాబట్టి వాన" అని ఉల్టా చూపించి దెబ్బతిన్నది అందుకే.

అయితే ఇందులో మీకు కలిసొచ్చే మాట కూడా ఉంది, దాచను. ఆ పేపరు చెప్పేది కూడా రెండిటినీ కలిపి నడపాలనే. నా మాటల్లా ఒకటే: సముద్రం దీన్ని పుట్టించదు, దీనికి బలం పెంచుతుంది.

ఉప్పుగాలి | విశాఖపట్నం

దానికి నేను సంతకం పెడతాను. పుట్టించడం గాలి పని, ఎంత గట్టిగా, ఎన్ని రోజులు అన్నదాంట్లో సముద్రానికి పెద్ద వాటా. ఎంత వాటా అన్నదాని మీద నువ్వూ నేనూ ఇంకో పదేళ్లు కొట్టుకోవచ్చు.

డల్లాస్‌శీను | టెక్సస్

మధ్యలో దూరుతున్నా. పత్తిచేను గారు చెప్పిన ఎల్ నినో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పసిఫిక్‌లో ఎక్కడో నీరు వేడెక్కితే వరంగల్‌లో వాన ఆగడం ఏమిటి? పైగా 1997లో భారీ ఎల్ నినో ఉన్నా ఇండియాకి వాన మామూలుగా పడిందని విన్నాను.

మబ్బులవేట | హైదరాబాద్

కరెక్టే శీనూ. 1997లో దేశం మొత్తం మీద మామూలు కంటే రెండు శాతం ఎక్కువే పడింది. 2002లో ఎల్ నినో ఓ మోస్తరుదే, కానీ కరవు: జులైలో సగానికి పైగా లోటు. ఆ జులై మా తాతగారి ఊళ్లో నాట్లే పడలేదు. 2009లో మొత్తం సీజనే 78 శాతానికి పడిపోయింది.

ఎల్ నినో అంటే వేడినీరు పడమటి పసిఫిక్ నుంచి మధ్యకీ తూర్పుకీ జరగడం. నీటితోపాటే మబ్బులూ, అవి వదిలే వేడీ అటు జరుగుతాయి. అక్కడ గాలి పైకి లేస్తే ఇక్కడ కిందికి దిగుతుంది. దిగే గాలి కింద మబ్బు ఎదగదు, కింద సముద్రం 29 ఉన్నా సరే. 2023 ఆగస్టులో ఎల్ నినో బలపడుతూ ఉంది.

1997లో గొడవ తప్పించింది హిందూ మహాసముద్రంలోని మరో ఊగిసలాట. సుమత్రా దగ్గర నీరు చల్లబడి, ఆఫ్రికా వైపు వేడెక్కింది. 1999లో దానికి డైపోల్ అని పేరు పెట్టారు. 2019లో కూడా అది బలంగా ఉంది, ఆ ఏడు వాన 110 శాతం.

ఉప్పుగాలి | విశాఖపట్నం

దీనికి ఒక తోక ఉంది, అదీ వేడి మార్పిడిదే. ఎల్ నినో ఏడాది మన హిందూ మహాసముద్రం మీద గాలి కిందికి దిగుతుంది కదా. మబ్బు తగ్గి ఎండ పెరుగుతుంది, చాలాచోట్ల గాలి మందగించి ఆవిరి తగ్గుతుంది. రాబడి ఎక్కువ, ఖర్చు తక్కువ. పసిఫిక్‌లో ఎల్ నినో శిఖరానికి చేరిన మూడు నుంచి ఆరు నెలలకి హిందూ మహాసముద్రమంతా వేడెక్కి కూర్చుంటుంది. 1998, 2010, 2016, 2024 మొదటి సగం అలాంటివే. పసిఫిక్ చల్లబడిపోయాక కూడా ఇక్కడి వేడి అలాగే ఉండి, తర్వాతి వానాకాలపు వాతావరణం మీద తన ముద్ర వేస్తుంది. ఈ వేడిలో ఎక్కువ భాగం అలలో, ప్రవాహాలో మోసుకొచ్చింది కాదు, గాలి దారిలో వచ్చినది.

వలతాడు | ఉప్పాడ

మరి తుపాన్ల సంగతో? మేలో వేట నిషేధం ఉంటుంది, జూన్ 14 దాకా, కాబట్టి ఆ కాలంలో పెద్ద బోట్లు లోపలికి పోవు. అక్టోబర్, నవంబర్‌లోనే మాకు టెన్షన్. నీళ్లు మేలో ఎక్కువ వేడి అంటున్నారు. మరి మా కోస్తాని గట్టిగా కొట్టినవి చాలావరకు అటువైపే ఎందుకున్నాయి? 1977 దివిసీమ నవంబర్, 1996 కాకినాడ నవంబర్, హుద్‌హుద్ అక్టోబర్.

ఉప్పుగాలి | విశాఖపట్నం

ముందు ఒక మాట: ఏప్రిల్, మే నెలల్లో పుట్టినవి చాలావరకు ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు తిరుగుతాయి. ఫణి, అంఫన్ అలాంటివే. దారి నిర్ణయించేది పైగాలులు. నడి వానాకాలంలో కింద ఒకవైపు, పైన ఒకవైపు గాలి వేగంగా వీస్తుంది కాబట్టి అప్పుడు అల్పపీడనం తుపానుగా ఎదగడమే అరుదు. కాబట్టి మొత్తం నేరం సముద్రం మీద వేయలేం.

కానీ సముద్రం వాటా తీసిపారేసేది కాదు. తుపాను తన గాలితో కింద చల్లనీటిని పైకి కెలికి, తన కడుపు తనే కొట్టుకుంటుంది. వేడినీటి ఆవిరే దానికి తిండి. మేలో బంగాళాఖాతం పైన వేడిగా ఉన్నా, తుపాను కెలికితే సుమారు 3 డిగ్రీల దాకా చల్లబడుతుంది. వానాకాలం తర్వాత అదే కెలుకుడికి ఒక డిగ్రీ అటూఇటూ. నదుల మంచినీరు పైన పరుచుకుని ఉంటుంది, దాని కింద ఉప్పగా ఉండే వెచ్చనీటి పొర ఉంటుంది. కెలికినా పైకొచ్చేది ఆ వెచ్చనీరే. 2013 అక్టోబర్‌లో పైలిన్ తుపాను వచ్చినప్పుడు బంగాళాఖాతంలోని బోయాలు చూపించింది ఇదే: గాలి కెలికాక పైనీటిలో ఉప్పు ఒక్కసారిగా పెరిగింది, కానీ నీరు చల్లబడింది బహు కొద్దిగా. తుపానుకి తిండి తగ్గలేదు.

వలతాడు గారూ, మీరు వల వేసే ఆ నురుగు గీత ఇవతలి నీరే ఈ కథలో పాత్ర. బంగాళాఖాతం మొత్తం చూస్తే అలాంటి నీటిలో పెద్ద వాటా గంగా బ్రహ్మపుత్రలది, మన గోదావరిది చిన్న వాటా.

డల్లాస్‌శీను | టెక్సస్

అయితే "గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలుస్తున్నాయి" అనే మాట...

వేదిక నిర్వాహకుడు

ప్రాజెక్టుల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 400 పోస్టులున్నాయి. ఇక్కడ వద్దు. అలాగే రాబోయే తుపాను ఫలానా రోజు ఫలానా చోట తీరం దాటుతుందంటూ నిన్న ఇద్దరు పెట్టిన పోస్టులు తీసేశాను. వాతావరణ శాఖ బులెటిన్ వచ్చాక మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు | నెల్లూరు

నాకు ఒక లెక్క కుదరడం లేదు. కిలో నీరు ఆవిరవడానికి సుమారు 24 లక్షల జౌళ్లు. చదరపు మీటరుకి 100 వాట్లు ఆవిరికి పోతే రోజుకి మూడున్నర కిలోలు, అంటే మూడున్నర మిల్లీమీటర్ల నీరు. గాలి జోరుగా ఉండి 150 వాట్లు పోయినా 5 మిల్లీమీటర్లే. మరి బంగాళాఖాతం మీద వానరోజుల్లో 15, 20 మిల్లీమీటర్లు పడుతుందంటారు. మిగతా నీరు ఎక్కడిది?

నమూనా | పుణె

మాస్టారూ, ఈ ప్రశ్న మా గైడ్ మొదటి సెమిస్టర్‌లో అడిగేది. మిగతాది గాలి పట్టుకొస్తుంది. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న హిందూ మహాసముద్రం, తర్వాత అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి దారిపొడుగునా తేమ పోగేసుకుంటుంది. బంగాళాఖాతం మీద నాలుగు వైపుల నుంచీ గాలి చేరి పైకి లేచేచోట ఆ తేమంతా ఒకచోట కురుస్తుంది. అక్కడికక్కడ లేచిన ఆవిరి అందులో మూడోవంతో, నాలుగోవంతో.

అందుకే ఎర్ర మ్యాపు చూసి వాన చెప్పలేం అంటున్నాను. బంగాళాఖాతం తన నీళ్లని మనకి ఎత్తిపోయడం లేదు. కింద గాలిని వెచ్చగా, తేమగా ఉంచి, అది పైకి లేవడానికి సిద్ధంగా పెడుతోంది. గాలి చేరకపోతే ఆ సిద్ధం అలాగే ఉండిపోతుంది. 2023 ఆగస్టులాగా.

పత్తిచేను | వరంగల్ జిల్లా

ఇప్పుడు తలకెక్కింది. మా అత్తగారు "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అంటుంది, 2023లో పుష్యమి దాకా కురిసి ఆశ్లేష, మఖల్లో చేయిచ్చింది. మరి యూరియాకి ఏం చూసుకోవాలి? ఒక్క ముక్కలో చెప్పండి.

మబ్బులవేట | హైదరాబాద్

అన్నా, వాతావరణ శాఖ ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాలకి ఒక అంచనా పెడుతుంది. సముద్రాన్నీ గాలినీ కలిపి నడిపిన మోడళ్లతో వచ్చేది అదే. మిల్లీమీటర్లు చూడకు, మీ ప్రాంతానికి మామూలు కంటే ఎక్కువా తక్కువా అన్న రంగు చూడు. మొదటి రెండు వారాల రంగు మీద కొంత నమ్మకం పెట్టొచ్చు. మూడోవారం ఊగుతుంది, నాలుగోది సరదాకి చూడు. రెండు వారాలు వరసగా తక్కువ వాన చూపించే రంగే ఉంటే యూరియా ఆపు, తడి ఉన్నప్పుడే పైపాటు చేసి పదును కాపాడుకో.

నమూనా | పుణె

మూడోవారం అంత తీసిపారేయకండి సార్. మాడెన్ జూలియన్ గుంపు బలంగా ఉన్నప్పుడు మూడోవారం కూడా బాగానే వస్తుంది. బలహీనంగా ఉన్నప్పుడే రెండోవారానికే గతి తప్పుతుంది.

మబ్బులవేట | హైదరాబాద్

అది బలంగా ఉందో లేదో ఆయనకెలా తెలుస్తుంది తల్లీ? ఈ గురువారం నుంచి ఆ అంచనా, ఈ గుంపు బలం రెండూ కలిపి తెలుగులో నాలుగు లైన్లు ఇక్కడే పెడతాను. తప్పితే తిట్టండి.

పత్తిచేను | వరంగల్ జిల్లా

పెట్టన్నా. మా ఊరి వాట్సాప్ గ్రూపులో వేస్తా.